భోగి పోగులో మా కోళ్ళ గూడు

నా చిన్నప్పుడు మా ఇంటికి గుడ్లు రెండు చోట్ల నుంచి వచ్చేవి. మా కోళ్ళు పెట్టేవి కొన్ని, మా మాస్టారు నా పలక మీద పెట్టేవి కొన్ని. కోడిగుడ్డును అమ్మ వేయించేది. మాస్టారి గుడ్డు చూసి నాన్న నన్ను వేయించేవాడు. ఈ రెండో రకం దిగుబడి బాగా పెరిగిపోయి, ఐదో తరగతిలోనే బడి నన్ను వదిలేసింది. నేనే బడి వదిలేశానని ఊళ్ళో చెప్పుకుంటారు గానీ అందులో నిజం లేదు.

అనకాపల్లికి కొంచెం ఎడంగా ఉంటుంది మా ఊరు. మాకున్నదల్లా కాస్త చెరకు, కాస్త వరి, ఒక గేదె, పెరట్లో కోళ్ళు. చలికాలం వచ్చిందంటే గానుగలు ఆడే రోజులు. పొద్దున్నే మంచులో బెల్లం పొయ్యి దగ్గర చేతులు కాచుకునేవాళ్ళం. ఎండబోసిన చెరకు పిప్పి గుట్టలెక్కి కిందికి జారేవాళ్ళం. ఇంటికొచ్చాక రాత్రంతా గోక్కునేవాళ్ళం. అయితే ఆ కాలపు ఆటలన్నిటికీ పెద్ద ఆట భోగిమంటకు కర్రలు పోగెయ్యడం. అది పెద్ద కుర్రాళ్ళ ఆట, మా వయసు వాళ్ళం వెనకాల పరిగెత్తేవాళ్ళం.

అడిగి తెచ్చినవి కొన్ని, అడక్కుండా తెచ్చినవి ఎక్కువ. దడి కర్రలు, విరిగిన మంచంకోళ్ళు, పాత తలుపు చెక్కలు. ఒకసారి పోగులో పడ్డాక ఎవరూ తిరిగి అడగకూడదని మా ఊరి ఆచారం. దాన్ని దొంగతనం అనకూడదు, సరదా అనాలి. ఎవరి కర్ర పోయిందో వాళ్ళు తప్ప ఊరంతా నవ్వాలి. నేనూ మా గూడు పోయిన ఏడాది దాకా పళ్ళన్నీ బయటపెట్టి నవ్వినవాడినే.

మా కోళ్ళ గూడు తాతయ్య తన చేత్తో కొట్టింది. తాటి పట్టెలతో చేసి, ముందు పైకి లేపే చిన్న తలుపు పెట్టాడు. ఆయన పోయాక రోజూ సాయంత్రం ఆ తలుపు మా మామ్మే వేసేది, నాన్న చేత కూడా వేయనిచ్చేది కాదు. తలుపు దించి, పైన అరచేత్తో ఒకసారి తట్టి లోపలికి వచ్చేది. ఆ చలికాలం మా నల్ల పెట్ట కింద పిల్లలు అప్పుడే గుడ్లలోంచి బయటికొచ్చాయి. పసుపు ఉండల్లా ఉండేవి.

భోగికి ముందురోజు ఇంటిల్లిపాదీ గానుగ దగ్గరే ఉన్నాం. పొద్దు వాలేవేళ ఇంటికొస్తే గూడు లేదు. అది ఉండే చోట నేల మాత్రం నలుచదరంగా, తేమగా, తెల్లబోయి ఉంది. కోళ్ళు అలవాటు ప్రకారం మేత నుంచి వచ్చి ఆ నేల చుట్టూ తిరుగుతున్నాయి. నల్ల పెట్ట సరిగ్గా గూడున్న చోటే రెక్కలు పరిచి పిల్లల మీద కూర్చుంది. గోడ మీద అప్పుడే పిల్లి కూడా కూర్చుంది.

నేను ఒక్క పరుగున పోగు దగ్గరికి వెళ్ళాను. గూడు అడుగు వరసలోనే ఉంది, దాని మీద తాటిమట్టలు, మొద్దులు పేర్చేశారు. కుర్రాళ్ళకు నాయకుడు పెద్దింటి అబ్బాయి. ఊళ్ళో పొలాలు ఎక్కువున్నది వాళ్ళకే, అప్పుడే మీసం కూడా వస్తోంది కాబట్టి రెండు విధాలా పెద్దవాడు.

"మా గూడు ఇచ్చెయ్యండి, పిల్లలున్నాయి" అన్నాను.

"భోగికొచ్చింది తిరిగెల్లదురా. మీ కోళ్ళని దుప్పటి కప్పుకోమను" అన్నాడు వాడు. అందరూ నవ్వారు.

ఇంటికొచ్చి నాన్నకు చెబితే, "పండగ పూట తగువేటిరా, కొత్తది కొట్టుకుందాంలే" అన్నాడు. అరుగుల మీద పెద్దలైతే నా మొహం చూసి మరీ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది, అంతకంటే ముందు కోపమొచ్చింది. పిల్లి నోటికి పిల్లలు పోతాయిరా అంటే ఆచారం అంటారేమిటి! ఆ ఆచారానికి దారి తెలిసినదల్లా మా పెరడూ, పక్కింటి అక్క దడీ. పెద్దింటి అరుగు మీద కోడు విరిగిన వాలుకుర్చీ ఏళ్ళ తరబడి పడి ఉండేది. దాని దగ్గరికి ఏ సరదా వెళ్ళేది కాదు.

మామ్మ మాత్రం కోడిపిల్లల్ని ఏరి చేటలో వేసుకుంది, పెట్టను చంకలో ఇరికించుకుంది. "రారా" అంది నాతో. ఆవిడ తగువుకు వెళుతోందనుకుని నేను రాయి ఒకటి తీసుకున్నాను. చూసి, పారేయించింది.

పోగు దగ్గర కుర్రాళ్ళను పక్కకు జరగమని, వంగి, మట్టల సందులోంచి గూటి తలుపు పైకి లేపింది. పెట్టను లోపలికి తోసి, పిల్లల్ని ఒక్కొక్కటిగా దాని దగ్గరికి చేర్చింది. తలుపు దించి, ఎప్పటిలాగే పైన తట్టింది. అప్పుడు కొంగుతో చేతులు తుడుచుకుని అంది.

"ఇల్లు తెచ్చీసి ఇంట్లోవోళ్ళని మరిసిపోనారు నాయనా. నాను తెచ్చేను. ఇంక ముట్టించండి."

పోగు లోపలినుంచి కోడిపిల్లల కిచకిచలు వినిపిస్తున్నాయి.

"మామ్మా, కోడిని తీసీ" అన్నాడు పెద్దింటి అబ్బాయి.

"నానెందుకు తీత్తాను? భోగికొచ్చింది తిరిగెల్లదన్నావు గదా. ఊరి ఆచారం నాను తప్పిత్తానేటి?"

అని అక్కడే చతికిలబడి కూర్చుంది. ఆ కబురు విని ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చేరారు. "పసిపిల్లల్తో కాలుత్తారేట్రా, సచ్చినోళ్ళారా!" అంది పక్కింటి అక్క. మరి తన దడి ఆ పోగులోనే కనపడుతోంది ఆవిడకు. ఇందాక నవ్విన అరుగుల వాళ్ళు కూడా వచ్చి, మొదట్నుంచీ ఇది తమకు నచ్చనట్టు మొహాలు పెట్టారు. వాళ్ళను తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

చివరికి కుర్రాళ్ళు మొద్దులన్నీ దించారు. నలుగురు గూటిని భుజాలకెత్తుకుని మా పెరటికి నడిచారు. పెట్ట లోపల కూర్చుని దారి పొడుగునా వాళ్ళను తిడుతూనే వచ్చింది. మామ్మ పెద్దింటి అబ్బాయి వైపు తిరిగి, "పోగులో కాళీ అయింది గదా నాయనా, మీ అరుగు మీద కుర్సీ సరిగ్గా సరిపోద్ది" అంది. వాడు ఎర్రబడ్డాడు. కుర్చీ తెచ్చాడా? తేలేదు. ఆ ఏడాది భోగిమంట ఒక పక్క సొట్టతోనే మండింది. పక్కింటి అక్క దడి కూడా అందులోనే కాలిపోయింది. ఒక్క కోడి కూడా లేదు కదా పాపం ఆవిడకు, తెచ్చి లోపల పెట్టడానికి.

ఇప్పుడు నేనే తాతను. మా కుర్రాళ్ళు పరవాడ కంపెనీ బస్సెక్కి డ్యూటీలకు పోతున్నారు. చలికాలం ఆటలు ఫోన్లలోకి పోయాయి. అన్యాయం మాత్రం ఎక్కడికీ పోలేదు. నాకేమో అర్జీ రాయడం రాదు. రోడ్డు పనుల మట్టి పోసి మా పంటకాలవ పూడ్చేసినప్పుడు, ఎండిపోయిన వరినారు కట్ట పట్టుకెళ్ళి ఆఫీసు బల్ల మీద పెట్టాను. "ఇదేంటి?" అన్నాడు ఆఫీసరు. "ఇంట్లోవాళ్ళండి" అన్నాను. ఆయనకేం అర్థం కాలేదు గానీ, ఫ్యాను గాలికి మట్టి ఫైళ్ళ మీద రాలేసరికి కుర్చీలోంచి లేచాడు. కాలవ సగం తీశారు. మిగతా సగానికి గేదెను తోలుకెళదామని చూస్తున్నాను.

దెబ్బ తిన్నవాళ్ళను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, కొట్టినవాడి కళ్ళ ముందు కూర్చోబెట్టడం నాకు ఆ రోజే అబ్బింది. పలక మీద ఎవరూ నేర్పని చదువు అదొక్కటే నాకు వచ్చు.

ఆ సాయంత్రం గూటి తలుపు వేసి వస్తున్న మామ్మను, నిజంగానే వాళ్ళు మంట ముట్టించి ఉంటే ఏం చేసేదానివని అడిగాను.

"మనోళ్ళేరా ఆళ్ళు. మతి లేదు గానీ మనసుంది" అంది. గడప దాటబోతూ వెనక్కి తిరిగింది. "అంత అనుమానముంటే కోడినెందుకు పెడతాను, నిన్నే పెట్టీదాన్ని. కోడైతే గుడ్లయినా పెడతాది."