గడప ఇవతల ఏడు వారాలు

నలభై ఎనిమిదో ఏట నాకు నెలసరి తగ్గుముఖం పట్టాల్సింది పోయి ఎక్కువైంది. నెలకు రెండుసార్లు, ఒక్కోసారి పన్నెండు రోజులు. హిందూపురంలో మా ఆయనది స్టీలు సామాన్ల అంగడి. మధ్యాహ్నం ఆయన భోజనానికి ఇంటికి వస్తే అంగట్లో కూర్చునేది నేనే. ఒకరోజు బిందె కోసం వచ్చిన ఆమె ముందు లేచి నిలబడలేక, పైనున్నవాటిని ఆమెనే దించుకొని చూసుకోమన్నాను. ఈమెకెంత పొగరు అన్నట్టు నన్ను ఎగాదిగా చూసి వెళ్ళిపోయింది. నా కుర్చీలో మడిచి వేసుకున్న తువ్వాలు సంగతి ఆమెకేం తెలుసు.

మా ఊళ్ళో లేడీ డాక్టర్లు లేక కాదు. ఏ ఆస్పత్రి మెట్లెక్కినా మాకు తెలిసినవాళ్ళు ఎవరో ఒకరు బెంచీ మీద కూర్చునే ఉంటారు. సాయంత్రానికల్లా బజారంతా నా గర్భసంచి గురించే మాట్లాడుకుంటుంది. అందుకని ధర్మవరంలో ఉన్న మా అక్క దగ్గరికి పోయాను. అక్కావాళ్ళు పట్టుచీరల వ్యాపారం చేస్తారు. ఊళ్ళో ఎవరు ఎక్కడ ఉంటారో ఆమెకు కంఠతా వచ్చు. తనే వెంటబెట్టుకొని ఒక డాక్టరమ్మకు చూపించింది.

డాక్టరమ్మ స్కానింగ్ చేయించింది, రక్తం పరీక్ష చేయించింది, బీపీ చూసింది. భయపడాల్సిందేమీ లేదంది. ముట్లు ఆగిపోయే ముందు కొందరికి ఇలా కొన్నేళ్ళు సాగుతుందట. హార్మోను మాత్రలు రాసిచ్చింది. ఇరవై ఒక్క రోజులు వేసుకొని ఏడు రోజులు ఆపాలి. మొదట్లో వికారం ఉండొచ్చు, రొమ్ములు నొప్పి పెట్టొచ్చు, మధ్యమధ్య కొంచెం కొంచెం కనబడొచ్చు, మనసు కూడా కుదురుగా ఉండకపోవచ్చు అని చెప్పింది. కాలు వాచి నొప్పి వచ్చినా, ఛాతీలో నొప్పి వచ్చినా వెంటనే రమ్మంది. మిగతావి తట్టుకోలేకపోతే ఫోన్ చేయమంది, మందు మార్చొచ్చంది. నేను అన్నిటికీ తలూపాను. తలూపడంలో నాకు మంచి పేరుంది.

ఇక్కడ మా అమ్మ గురించి చెప్పాలి. అమ్మ పెనుకొండలో మేము పెరిగిన ఇంట్లోనే, మా తమ్ముడి దగ్గర ఉండేది. డెబ్బై ఎనిమిదేళ్ళు. భుజాలు పట్టేసి చేతులు చెవుల దాకా కూడా లేచేవి కావు. తలవెంట్రుకలు మాత్రం నడుము దాకా ఉండేవి. గురువారం గురువారం నేను పొద్దున రైలుబండికి పోయి, ఆమె తలకు ఆముదం పెట్టి, చిక్కు తీసి, ముడి వేసి, తమ్ముడింట్లో అన్నం తిని సాయంత్రానికి తిరిగొచ్చేదాన్ని. నాలుగేళ్ళుగా అదే వాడుక. మరదలు దువ్వుతానంటే అమ్మ ఒప్పుకునేది కాదు, గట్టిగా లాగుతుందనేది. పాపం, మరదలు చేయి మెత్తనిదే. అమ్మకు నేను కావాల్సి వచ్చింది, అంతే.

అయితే మా అమ్మకు మడి ఎక్కువ. బయట ఉన్న ఆడది గడప దాటి లోపలికి రాకూడదు, ఎవరినీ తాకకూడదు. హిందూపురంలో మా ఇంట్లో అదేమీ లేదు, అన్ని రోజులూ వంట నేనే చేస్తాను. తమ్ముడింట్లో మాత్రం అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ పట్టింపు ఉంది. ఆ మూడు రోజుల్లో గురువారం పడితే నేను పోయేదాన్ని కాదు. మళ్ళీ వారం పోయేదాన్ని.

మాత్రలు మొదలుపెట్టిన పది రోజులకు ధారగా కారేది ఆగింది. దాని బదులు చుక్క చుక్క మొదలైంది. పొద్దున లేదనుకుంటే సాయంత్రం ఉండేది. ఒక వారం కాదు, రెండు వారాలు కాదు. పొద్దున నోట్లో బ్రష్ పెడితే కడుపులో దేవేది. రొమ్ములు ఎంత నొప్పి అంటే బస్సు గుంతలో పడ్డప్పుడల్లా చేతులు అడ్డం పెట్టుకునేదాన్ని. చెప్పుల వార్లు పాదాల్లో అచ్చు పడేవి. ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది ఇంకోటి ఉంది. ఉన్నట్టుండి ఒళ్ళు మండేది. కూరలో ఉప్పు చాలలేదని మా ఆయన అంటే ఆ గిన్నె తీసుకుపోయి పెరట్లో బోర్లించాను. ఆ తర్వాత అదే పెరట్లో కూర్చొని, కూర పారబోసినందుకు ఏడ్చాను. మా ఆయన కొన్నాళ్ళు నాతో మాట్లాడేముందు నా మొహం చూసి వాన వచ్చేలా ఉందా లేదా అన్నట్టు అంచనా వేసుకునేవాడు.

మొదటి గురువారం పోయాను. అమ్మ లోపల మంచం మీద కూర్చొని ఎప్పటిలాగే, "బాగుండావా పాపా?" అని అడిగింది. ముసలిదాన్నయ్యాక కూడా నేను ఆమెకు పాపనే. ఆ ప్రశ్నకు మా ఇంట్లో ఒకే అర్థం. లోపలికి రావచ్చా అని. అబద్ధం చెప్పుంటే సరిపోయేది. ఎవరికి తెలుస్తుంది? కానీ బయట ఉన్నానని చెప్పాను. నిజం చెప్పడం నా స్వభావమని అప్పుడు అనుకున్నాను. అందులో కొంచెం కక్ష కూడా ఉందని ఇప్పుడు ఒప్పుకుంటాను. చూడు, నీ కోసం రైలెక్కి వచ్చినదాన్ని నీ మడి ఎక్కడ నిలబెట్టిందో చూడు అనే కక్ష.

మరదలు వసారాలో కుర్చీ వేసింది. గడప ఇవతల నేను, అవతల అమ్మ. అక్కడి నుంచే మాట్లాడుకున్నాం. మరదలు ఆమె తల దువ్వుతుంటే చూస్తూ కూర్చున్నాను. పాయ తీసేటప్పుడు అమ్మ కళ్ళు నా వైపు తిప్పేది. రెండో గురువారం అంతే. మూడోది అంతే. హార్మోను మాత్రలంటే మా వాళ్ళకు తెలిసింది ఒకటే, వ్రతానికి అడ్డం రాకుండా ముట్టు ఆపుకునేవి. అందుకే అమ్మకు అర్థమయ్యేది కాదు.

"నిలబడేదానికి గదా మాత్రలు? మరి నిలబడదేంటికి?" అని అడిగింది.

నాకూ అర్థం కాలేదు కాబట్టి విసుక్కున్నాను. మరదలు ఏమో వరలక్ష్మీ వ్రతానికి తనకూ ఒక అట్ట తెచ్చివ్వమని చెవిలో అడిగింది. ఇవి అవి కాదని చెబితే, ఇవ్వడం ఇష్టం లేక చెబుతున్నానని మూతి ముడుచుకుంది.

అయిదో వారం మళ్ళీ చూపించుకోవడానికి ధర్మవరం పోయాను. అంతా బాగుందా అని డాక్టరమ్మ అడిగింది. చుక్కలు ఇంకా కనబడుతున్నాయా, చిరాకు, ఏడుపు ఏమైనా ఎక్కువయ్యాయా అని కూడా అడిగింది. పక్కన అక్క కూర్చొని ఉంది. కూర పారబోశానని, మొగుడి మీద అరిచానని, తల్లిని చూస్తే కోపం వస్తోందని అక్క ముందు ఎట్లా చెప్పేది? ఏమీ లేదు, బాగున్నాను అన్నాను. అదే మందు కొనసాగించమంది. ఆమె తప్పేముంది. అడగాల్సిందంతా అడిగింది, చెప్పాల్సింది నేను మింగాను.

ఏడో గురువారం పొద్దున్నుంచే నాకు తల పగిలిపోతోంది. బండి దొరక్క బస్సెక్కాను. సోమందేపల్లి దాటేదాకా నిలబడే పోవాల్సి వచ్చింది. పెనుకొండలో దిగి ఇంటికి చేరేసరికి ఎండకు కళ్ళు బైర్లు కమ్మాయి. ఎప్పటిలా వసారాలో కుర్చీలో కూలబడ్డాను. మరదలు ఇంట్లో లేదు, పక్కింటికి పోయింది. అమ్మ మంచం మీద నుంచి నన్ను చాలాసేపు చూసింది. బాగుండావా అని ఆ రోజు అడగలేదు.

"లోపలికి రా పాపా. ఏం కాదులే, నేనే పిలుస్తాండా గదా. వచ్చి తల దువ్వు."

ఆ మాట అనడానికి ఆమెకు డెబ్బై ఎనిమిదేళ్ళు పట్టింది. నేను లేచి పోవాల్సింది. నాలుగడుగులు. కానీ నాకు ఆ క్షణంలో ఒళ్ళంతా వేడెక్కి, ఎప్పటిదో గుర్తొచ్చింది. పద్నాలుగేళ్ళప్పుడు ముట్టులో ఉండగా నాకు జ్వరం వచ్చింది. ఇదే వసారాలో చాప మీద పడుకొని వణుకుతున్నాను. అమ్మ రెండు రోజులు నా పక్కనే కూర్చుంది. చేయి చాపితే అందేంత దూరంలో. తడిగుడ్డ నా మీదికి విసిరి, నుదుటి మీద వేసుకోమనేది. చేయి మాత్రం చాపలేదు.

"జ్వరమొచ్చి కాలిపోతాంటే ఆ పొద్దు తాకలేదు నువ్వు. ఇప్పుడు నీ తల దువ్వాల్సి వచ్చేతలికి నా మైల పోయిందా?" అన్నాను.

గట్టిగా అరవలేదు. అరిచుంటే కోపంలో అన్నాననుకునేది. అమ్మ మొహం చిన్నబోయింది. దువ్వెన ఆమె ఒళ్ళో ఉంది, దాని పళ్ళ మీద వేలితో రాస్తూ ఉండిపోయింది. కాసేపటికి, "అన్నం తినిపో పాపా" అంది. నేను తినలేదు. వీధిలో కనబడిన ఆటో ఎక్కి బస్టాండుకు తిరిగాను. దారి పొడవునా నాదే న్యాయమనిపించింది. ఇంటికి వచ్చి గేటు తీస్తుంటే, అన్నం తినిపొమ్మన్న మాట గుర్తొచ్చింది. ఫోన్ చేద్దామనుకున్నాను. అమ్మకు ఫోనులో సరిగా వినబడదు, మరదలి ద్వారా చెప్పాలి. గురువారం పోయి చెబుదాంలే అనుకున్నాను.

బుధవారం పొద్దున తమ్ముడు ఫోన్ చేశాడు. కాఫీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, గోడకు ఆనుకొని కూర్చున్నది కూర్చున్నట్టే పోయిందట.

మేము పోయేసరికి అమ్మను పడుకోబెట్టారు. నా చూపు ముందు తల మీదే పడింది. ముడి ఊడి, వెంట్రుకలు చిక్కులు పడి, ఒకవైపు ఉండలు కట్టి ఉన్నాయి. మరదలు నా పక్కకు వచ్చి, తన తప్పు కాదన్నట్టు ఏడుస్తూ చెప్పింది.

"నన్ను ముట్టనీలేదు వదినా. పాప వస్తాది, పాపే దువ్వుతాదిలే అనింది. ఆరు దినాల నుంచి అట్లే ఉండాది."

నీళ్ళు పోసేముందు తలకు నూనె పెట్టాలి. మా చిన్నమ్మ ఆ పనులన్నీ చూస్తోంది. బయట ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే పక్కకు జరగమంది. అక్క వైపు చూసింది, మరదలి వైపు చూసింది, నా వైపు చూసి, నువ్వు? అంది. ఆ రోజు కూడా నాకు చుక్కలు ఉన్నాయి. లేను అన్నాను. అమ్మ ఇంట్లో నేను చెప్పిన మొదటి అబద్ధం అదే. చెప్పి గడప దాటాను.

ఆమె తల ఒళ్ళో పెట్టుకొని ఆముదం పోసి, చివర్ల నుంచి మొదలుపెట్టి ఒక్కో చిక్కూ తీశాను. అందరూ ఆలస్యమవుతోందంటున్నారు. నేను వినలేదు. ఒకచోట చిక్కు రాక గట్టిగా లాగాను. మరదలు కొంచెం లాగితేనే అబ్బా అనే మనిషి, ఏమీ అనలేదు. నాకు ఏడుపు అప్పుడు వచ్చింది.

అమ్మ పోయాక మూడు రోజులు మాత్రల సంగతే మర్చిపోయాను. దాంతో అసలుది మొదలై చీరలు తడిసిపోయాయి. చావు మైల ఇంటిల్లిపాదికీ ఉంటుంది కాబట్టి ఎవరూ ఎవరినీ అడగలేదు. తమ్ముడు, అక్క, నేను, అందరం నడింట్లో ఒకే జంపఖానా మీద కూర్చున్నాం. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ ఇంట్లో అట్లాంటి రోజు నడింట్లో కూర్చోవడం నాకు అదే మొదలు. పిలిచిన మనిషి మాత్రం లేదు.

నెల దాటాక మళ్ళీ ధర్మవరం పోయాను. ఈసారి అక్కను గది బయటే ఉండమన్నాను. డాక్టరమ్మకు అన్నీ చెప్పాను. చుక్కలు, కూర, అమ్మతో అన్న మాట కూడా. ఆమె రాసుకోవడం ఆపి విన్నది. కొందరికి ఆ మందు మనసు మీద అట్లా పనిచేస్తుందని, ముందే చెప్పుంటే అప్పుడే మార్చేదాన్నని అంది. నన్ను తప్పుపట్టినట్టు కాదు, మెల్లగానే అంది. ఆ మాట అన్నది మాత్రే అయితే ఎంత బాగుండు అనిపించింది. అట్లాగే అనుకోవాలని తిరుగు ప్రయాణంలో చాలా ప్రయత్నించాను. కానీ జ్వరం వచ్చిన నాడు నేను ఏ మాత్రా వేసుకోలేదు. ఆ కోపం ముప్పై నాలుగేళ్ళుగా నాలోనే ఉంది. మాత్ర నోరు తెరిపించి ఉంటుంది, మాట నాదే.

కొత్త మాత్రలు నాకు పడ్డాయి. రెండు వారాల్లో చుక్కలు ఆగిపోయాయి. వికారం లేదు, కాళ్ళు వాయడం లేదు, మా ఆయన నా మొహం చూసి అంచనాలు వేయడం మానేశాడు. మందుల కోసం ధర్మవరం పోయినప్పుడల్లా బండి పెనుకొండలో ఆగుతుంది. బాగుండావా పాపా అని ఎవరైనా అడిగితే, బాగుండానమ్మా అని చెప్పి ఇప్పుడు నెలలో ఏ రోజైనా లోపలికి పోవచ్చు. బండి రెండు నిమిషాలు ఆగి కదులుతుంది. నేను దిగను.