ఉత్తరం వెనకవైపు

మా చిన్నప్పుడు... నాన్న మిలిటరీలో ఉండేవాడు. సరిహద్దులో యుద్ధం జరుగుతున్న రోజులు. నాకు తొమ్మిదేళ్లు. అమ్మకు చదువు రాదు. అందుకని నాన్న ఉత్తరం వచ్చిందంటే, ఆ పూట ఇంట్లో నేనే పెద్ద ఆఫీసరు!

అమ్మ చేతిలో పని వదిలేసి, చేతులు కొంగుకు తుడుచుకుని, పీట వాల్చుకుని నా ఎదురుగా కూర్చునేది. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టేదాన్ని... "రమణమ్మకు వ్రాయునది ఏమనగా... నేనిక్కడ క్షేమం. గేదె ఈనిందా? పాపను ఎండలో తిరగనీయకు..." ఆ చివరి ముక్క మాత్రం గుటుక్కున మింగేసేదాన్ని.

చదవడం అయ్యాక అమ్మ కాగితాన్ని వెనక్కి తిప్పేది. నాన్న ఒకవైపే రాసేవాడు. బాల్‌పెన్ను ఎంత నొక్కి పట్టేవాడంటే, వెనకవైపు అక్షరాలు ఉబ్బెత్తుగా తేలేవి. అమ్మ కళ్లు మూసుకుని వాటిని వేళ్లతో తడిమేది. చదువు రాని మనిషికి ముందైతేనేం, వెనకైతేనేం అని నాకు నవ్వొచ్చేది... పొగరు!

ఒకసారి చాలా రోజులు ఉత్తరం రాలేదు. అమ్మకు అన్నం సయించేది కాదు. ఆఖరికి వచ్చింది. గబగబా చదివేశాను... అంతా క్షేమమే. అమ్మ వెనక్కి తిప్పి తడిమింది. ముఖం పాలిపోయింది.

"ఇది మీ నాయన రాసింది కాదే పాపా... నున్నగా ఉంది."

"క్షేమమని రాసుంటే మళ్లీ ఏడుపేంది? నీకేమన్నా చదవడం వచ్చా?" అని కసిరాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మూడు వారాల తర్వాత పెదనాన్న అసలు సంగతి కనుక్కొచ్చాడు. నాన్న కుడిచేతికి గాయమైంది. మేం భయపడతామని, ఆస్పత్రిలో పక్క మంచం తెలుగాయన చేత రాయించాడట. చేతిరాత మారిందని చదువుకున్న నేను గమనించనే లేదు. రెండు వేళ్లు పోతే పోయాయి... నాన్న ఇల్లు చేరాడు. అదే పదివేలు.

ఇప్పుడు నాన్న లేడు. అమ్మ అమెరికాలో, అల్ఫారెట్టాలో మా దగ్గరే ఉంటోంది. మొన్న శనివారం నా కూతురు బిస్కెట్ డబ్బాలోంచి ఆ ఉత్తరాలు తీసింది.

"అమ్మమ్మా, నాకు తెలుగు రీడ్ చేయడం రాదు. తాత ఏం రాశారు?"

"నాకూ రాదులే తల్లీ," అని అమ్మ నవ్వింది. "ఇట్టా తిప్పు... వేలు పెట్టి చూడు."

ఇద్దరి వేళ్లూ ఒకే వరుస మీద మెల్లగా కదిలాయి. చదివి వినిపిస్తానని నోటిదాకా వచ్చింది... ఈసారి మాత్రం ఊరుకున్నాను.

ఆఫీస్ పని మీద ఊళ్లు తిరిగే మా ఆయన రోజూ "రీచ్డ్ సేఫ్" అని మెసేజ్ పెడతాడు. చూసి హమ్మయ్య అనుకుంటాను. ఆ రోజు మాత్రం ఎందుకో ఫోన్ వెనక్కి తిప్పి తడిమాను... నున్నగా ఉంది.

మీ ఇంట్లో ఏ డబ్బాలోనైనా పాత ఉత్తరం ఉంటే, ఒక్కసారి వెనక్కి తిప్పి చూడండి... మీ వేళ్లకు ఎవరు తగిలారో కింద రాయండి.