చెక్కముక్కకు బదులు చెయ్యి

టెలివిజన్ అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మంట. ఇంట్లో అందరూ దాని ముందు కూర్చుంటే నేను లేచి వాకిట్లోకి పోతాను. అందులో వచ్చే బొమ్మల మీద కాదు నా కోపం. ఆ బొమ్మలు పంపే యంత్రాలను ఒమన్‌లోని సలాలాలో మోసినవాళ్లలో నేనొకణ్ణి.

డెబ్బైలలో అక్కడ టీవీ కొత్త. ఆ సామాను దించడానికి కంపెనీ మా ఐదుగురిని పంపింది. అందరం కరీంనగర్ వైపు వాళ్లమే. నన్ను ఒమన్‌కు తీసుకుపోయిన మా అక్క మొగుడూ ఆ ఐదుగురిలో ఉన్నాడు. ఫోర్‌మన్ హైదరాబాద్ మనిషి. మా ముందు పులి, సాబ్ ముందు పిల్లి. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు పట్టే రకం.

ఆ రోజు రైసూత్ రేవు నుంచి లారీలో ఒక పెట్టె వచ్చింది. లోపల టేపు మీద బొమ్మలు పట్టే మెషీన్ ఉందట, బీరువా కన్నా పెద్దది. క్రేన్ లేదు, మేమే క్రేన్. మెట్ల మీద ఏటవాలుగా పలకలు పరిచి, పెట్టె కింద ఇనుప పైపులు వేసి, నలుగురు దాన్ని పైకి నెట్టాలి. జానెడు కదలగానే అది వెనక్కి జారకుండా నేను పక్కన గొంతుక్కూర్చుని కింది వైపు చెక్కముక్క దూర్చాలి. అది బిగిసిందని చూసుకున్నాక ఫోర్‌మన్ "హాత్!" అని అరుస్తాడు. చేతులు తియ్యండి అని. మొత్తం మాట అనడానికి కూడా ఆయనకు ఓపిక ఉండదు. ఆ మాట మాకు ఎంత అలవాటైందంటే, చెవిన పడితే చాలు, చేతులు వాటంతట అవే లేచేవి.

సలాలాలో అది ముసురు కాలం. పలకలు తడిసి జారుతున్నాయి. సగం దూరం ఎక్కించాక ఫోర్‌మన్ సాబ్‌కు, అంటే ఇంగ్లీషు ఇంజనీరుకు, చాయ్ చెప్పి వస్తానని పోయాడు. పని ఆపమని మాత్రం అనలేదు. పైన గుమ్మంలో ఆ బిల్డింగు కాపలా చూసే ఒమానీ ముసలాయన నిలబడి ఉన్నాడు. మా తంటాలు చూసి ఆయనకు హుషారు పుట్టింది. చేతులు ఊపుతూ "హాత్! హాత్!" అన్నాడు.

అరబ్బీలో ఆ మాటకు తీసుకురా అని అర్థం. రానివ్వండి, రానివ్వండి అని మమ్మల్ని ఉత్సాహపరుస్తున్నాడు పాపం. నలుగురూ ఒక్కసారే చేతులు తీసేశారు. చెక్కముక్క ఇంకా నా చేతిలోనే ఉంది. పెట్టె వెనక్కి జారి వచ్చి నా కుడిచేతి మీద ఆగింది.

నా కేక విని ఫోర్‌మన్, ఇంజనీరు పరుగెత్తుకొచ్చారు. పెట్టె ఎత్తి చెయ్యి బయటికి తీశారు. మూడు వేళ్లు వేళ్లలా లేవు. ఎవరో తలగుడ్డ విప్పి చుట్టారు. ఇంజనీరు నా వైపు ఒకసారి చూసి, వెంటనే పెట్టె చుట్టూ తిరిగి మూలలు తడిమాడు. "థాంక్ గాడ్" అన్నాడు. ఏ దేవుడికో ఆ దండం! అది కిందికి దొర్లకుండా ఆపింది నా చెయ్యి.

తర్వాత ఎలా జరిగిందని అడిగాడు.

"హిజ్ మిస్టేక్ సర్. టోల్డ్ హిమ్ మెనీ టైమ్స్," అన్నాడు ఫోర్‌మన్.

ముసలాయన కిందికి దిగి వచ్చాడు. గుండె మీద చెయ్యి వేసుకుని "అనా గుల్త్ హాత్! అనా!" అన్నాడు. నేనే హాత్ అన్నాను, నేనే అని. ఇంజనీరుకు అరబ్బీ రాదు. ఏమంటున్నాడని ఫోర్‌మన్‌నే అడిగాడు.

"సేమ్ థింగ్ సర్. కేర్‌లెస్ మ్యాన్, హీ ఈజ్ సేయింగ్."

రక్తం కారుతున్నా నాకు ఒళ్లు మండిపోయింది. "బావా, చెప్పు! హాత్ అంటేనే ఇడిసినమని చెప్పు! గా మాట ఈ ఫోర్‌మన్ నేర్పిందేనని చెప్పు!" అని అరిచాను. మా ఐదుగురిలో ఇంగ్లీషు ముక్కలు వచ్చింది బావకొక్కడికే. తప్పు నాదని తేలితే కంపెనీ నన్ను ఇంటికి పంపేస్తుంది. ఇంటి దగ్గర నాకు తెలిసిన పని మగ్గం ఒక్కటే. తెగిన పోగు అతకాలంటే ఆ వేళ్లే కావాలి. ఈ సంగతి బావకు ఒకరు చెప్పాలా? అతను నేత నేర్చుకుంది మా నాన్న మగ్గం మీదే.

ఫోర్‌మన్ వాళ్ల నలుగురి వైపు తిరిగాడు. "క్యా రే? మై గలత్ బోల్రావూఁ క్యా?" నేను తప్పు చెబుతున్నానా అని.

నలుగురూ బెల్లం కొట్టిన రాళ్లలా నిలబడ్డారు. బావ తడి పలకల వైపు చూస్తున్నాడు. గాయం మానగానే పంపించెయ్యమని ఇంజనీరు చెప్పి లోపలికి పోయాడు.

ఆస్పత్రిలో రెండు వేళ్లు తీసేశారు. మూడోది వంగదు. నేను రూమ్‌కు తిరిగొచ్చిన సాయంత్రం బావ పప్పన్నం కలిపి, కంచం పట్టుకుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"నేను గూడ నోరు తెరిస్తే ఇద్దరం పోతుంటిమి గద బామ్మర్దీ. మీ అక్క, పిల్లలు ఏం తినాలె?"

అది నిజమే. నిజం కాబట్టే అతని మీద అసహ్యం ఇంకా పెరిగింది. అబద్ధమాడి ఉంటే మొహాన ఉమ్మేసేవాణ్ణి. కంచం ఎగిరిపోయేలా తన్నాలనిపించింది. అతను ముద్ద చేసి నా నోటి దగ్గర పెట్టాడు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, ఎడమ చేత్తో తినడం నాకు చేతకాదు. నోరు తెరిచాను.