అమ్మ చాటలో ట్యాంకు చైన్

గల్ఫ్ దేశంలో, బురైమి అనే ఊళ్లో మా చిన్నప్పుడు... ఒక శుక్రవారం సాయంత్రం బాపు పెద్ద అట్టపెట్టెను రెండు చేతులతో ఎత్తుకుని ఇంట్లోకి వచ్చాడు. పెట్టె మీద ఇసుకలో దూసుకుపోతున్న యుద్ధ ట్యాంకు బొమ్మ. నేనూ తమ్ముడూ ఎగిరి గంతేశాం... రిమోటుతో నడిచేదే అనుకున్నాం.

మూత తీస్తే లోపల ట్యాంకు లేదు. ప్లాస్టిక్ చట్రాలు, వాటికి అతుక్కుని వందల కొద్దీ ముక్కలు... రూపాయి బిళ్లంత చక్రాలు, బియ్యపు గింజంత కొక్కేలు. ఏ ముక్క ఎక్కడ అతికించాలో చెప్పే బొమ్మల పుస్తకం ఒకటి. తమ్ముడు ఏడుపు ముఖం పెట్టాడు.

బాపు అంటే నాన్న. మా జగిత్యాల వైపు అలాగే పిలుస్తాం. రోడ్లు వేసే కంపెనీలో డోజర్లు బాగుచేసే ఫోర్‌మన్. అప్పట్లో బురైమికీ, సరిహద్దు అవతల వేరే దేశంలో ఉన్న అల్ ఐన్‌కీ మధ్య కంచె లేదు... పక్క వీధికి వెళ్లినట్టు నడిచి వెళ్లి వచ్చేవాళ్లం. అక్కడి బొమ్మల దుకాణం అద్దం ముందు వారం వారం నిలబడి ఆ పెట్టెను చూసుకునేవాడట. అడిగింది మేము కాదు, ఆశపడింది ఆయన!

ఇంట్లో ఉన్న ఒకే ఒక్క బల్ల ట్యాంకుకు పోయింది. మా కంచాలు కిందకి దిగాయి. అక్కడ సెలవురోజు శుక్రవారం. ఆ మధ్యాహ్నం భోజనం కాగానే బాపు నెయిల్ కట్టర్‌తో ముక్కలు కత్తిరించి, గరుకు కాగితంతో రుద్ది, ఘాటు వాసనేసే జిగురుతో అతికించేవాడు. నేను నంబరు చదివితే తమ్ముడు ముక్క వెతికి ఇచ్చేవాడు. ఆ వాసనకు తలనొప్పి వస్తుందని అమ్మ దగ్గరికే వచ్చేది కాదు.

ఒక్కసారి మాత్రం వచ్చింది. ట్యాంకు పక్కన తగిలించే చిట్టి పార, చిట్టి గొడ్డలి బల్ల మీద కనబడితే, యుద్ధానికి పోయేదానికి పార ఎందుకని అడిగింది. బురదలో కూరుకుపోతే తవ్వుకోవడానికని బాపు చెప్పాడు. అమ్మ ఆ పారను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది...

పని చైన్ దగ్గర ఆగింది. ట్యాంకు చక్రాల చుట్టూ తిరిగే పట్టీ అన్నమాట. దానికి ప్రతి ముక్కా వేరు... ఒకదాన్ని ఇంకోదానితో వెంట్రుక లాంటి పుల్లతో కలపాలి. డోజర్ చైన్లు ఊడదీసి బిగించే బాపు వేళ్లలో అవి నిలవలేదు. కొన్ని విరిగాయి కూడా. సరిగ్గా అప్పుడే కంపెనీ ఆయన్ను ఎక్కడో దూరంగా ఉన్న బహ్లా సైట్‌కు పంపింది. సగం ట్యాంకు మీద అమ్మ పాత చీర కప్పింది.

ఇల్లు మూగబోయింది. అమ్మకు అరబ్బీ రాదు, హిందీ అంతంతమాత్రం. సరుకులు, మా బడి, కరెంటు పోతే ఎవరినో పిలవడం... అన్నీ తనే. గురువారం సాయంత్రాలు బాపు మా ఇంటి కింద ఉన్న కిరాణా కొట్టుకు, అదే బకాలాకు, ఫోన్ చేస్తే, సరుకుల మధ్య నిలబడి వంతులవారీగా మాట్లాడేవాళ్లం. ఒక గురువారం, సైట్ పని ఇంకా సాగుతుందని చెప్పాడు. అమ్మ పైకి వచ్చి చాలాసేపు గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఈడ ఒక్కదాన్నే నాతోని అయితలేదు. ఊరికి పోదాం" అంది.

నేనూ తమ్ముడూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అప్పటికి మా లోకమంతా బురైమిలోనే ఉంది...

తర్వాత రెండు రోజులకు బడి నుంచి వచ్చేసరికి అమ్మ నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. బియ్యం చెరగడానికి ఊరి నుంచి తెచ్చుకున్న చాట ఒడిలో ఉంది. అందులో బియ్యం లేవు... చైన్ ముక్కలు! పెళ్లికి ముందు అమ్మ ఊళ్లో అందరు ఆడపిల్లల్లాగే బీడీలు చుట్టింది. అదే కూర్చోవడం, అవే వేళ్లు.

"ఇవి ఎట్ల కలుస్తయో ఆ పుస్తకంల చూసి చెప్పు బిడ్డా."

నేను చదివి చెప్పాను. ముళ్లు తీసే శ్రావణంతో పుల్లను పట్టుకుని, ముక్కను తిప్పి, చటుక్కున కలిపేసింది. ఇంకోటి... ఇంకోటి. సాయంత్రానికి జానెడు చైన్ ఆమె మోకాలి మీద వేలాడుతోంది. ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు మాకు అదే పని. జిగురు తీసినప్పుడు కొంగు ముక్కుకు కట్టుకునేది. ఊరికి పోదామన్న మాట మళ్లీ ఎత్తలేదు.

ఫోన్లో బాపు ట్యాంకుకు దుమ్ము పడుతోందా అని అడిగితే తమ్ముడు రెండు చేతులతో నోరు మూసుకునేవాడు. ఉన్నది, ఎక్కడికి పోతుంది అని అమ్మ నవ్వేది.

చైన్లు అయ్యాయి. ఇసుక రంగు వేశాం. మిగిలింది ముందుండే ఫిరంగి గొట్టం ఒక్కటే. తమ్ముడు ఎంత బతిమాలినా అమ్మ దాన్ని పెట్టనివ్వలేదు.

బాపు వచ్చాడు... ఎండకు నల్లబడి, గడ్డం పెరిగి. బ్యాగు దించి ట్యాంకు మీది చీర ఎత్తి చూశాడు. వంగి వేలితో చైన్‌ను తోశాడు. అది చక్రాల మీద మెల్లగా జరిగింది.

"ఎవలు చేసిండ్రు?"

తమ్ముడు అమ్మ వైపు చూపించాడు. అమ్మ గొట్టం తెచ్చి బాపు చేతిలో పెట్టింది.

"ఇది నీకని ఆపినం. నువ్వు లేకుండ అయిపోవద్దని."

బాపు జిగురు సీసా మూత తీశాడు. అక్కడే కూర్చుని గొట్టం అతికించాడు. జిగురు ఆరేదాకా నలుగురం బల్ల చుట్టూ అలా చూస్తూ ఉండిపోయాం... అమ్మ పెట్టిన చాయ్ చల్లారిపోయింది.

ఆ తర్వాత అల్ ఐన్ వెళ్లినప్పుడు కొత్త పెట్టెను అమ్మే స్వయంగా ఎంచుకుంది. తెరచాపల ఓడ! దాని నిండా ముడి వేయాల్సిన తాళ్లున్నాయని...

ట్యాంకు ఇప్పుడు జగిత్యాలలో తమ్ముడి ఇంట్లో ఉంది. ఒక చైన్ వదులైంది, అంతే. మా ఇంట్లో ఇప్పుడు ఏ వస్తువైనా తయారై వస్తుంది, పెట్టె విప్పగానే పనిచేస్తుంది. నెలల తరబడి బల్ల మీద సగంలో ఉండి, వచ్చేవాళ్లనీ పోయేవాళ్లనీ కాసేపు కూర్చోబెట్టుకునే పని ఒక్కటీ లేదు...

మీ ఇంట్లో అలా అందరి చేతులూ పడ్డ వస్తువు ఏది? చెప్పండి... తీరిగ్గా కూర్చుని చదువుకుంటాను.