గంట మోగాక పడిన బంతి

మొన్న ఆదివారం మా మనవరాలు కుర్చీలో కాళ్లు ముడుచుకుని కూర్చుని ఫోనులో బాస్కెట్‌బాల్ చూస్తోంది. ఆసియా దేశాల మగవాళ్ల పోటీలట. కాఫీ ఇద్దామని వెళ్లి నేనూ వెనక నిలబడ్డాను. ఆట ఆఖరి క్షణాల్లో ఉంది. తెర మూలన అంకెలు సెకనులో పదో వంతుతో సహా పరుగెత్తుతున్నాయి. ఎవరో ఎగిరి బంతి వేశాడు, పడింది, జనం గంతులేశారు. రిఫరీలు మాత్రం పక్కకు వెళ్లి టీవీలో ఆ బొమ్మనే నాలుగుసార్లు తిప్పి చూసుకుని, చెల్లదని చేతులు ఊపారు. "బంతి ఇంకా చేతిలోనే ఉందవ్వా, చూడు" అని పిల్ల బొమ్మను ఆపి చూపించింది. నిజమే, వేళ్ల చివర్లు బంతిని వదల్లేదు. ఓడినవాళ్లు తలలు దించుకుని వెళ్లి గెలిచినవాళ్లతో చేతులు కలిపారు. ఇంత సులువా అనిపించింది నాకు. గ్లాసులో కాఫీ మీద మీగడ కట్టేదాకా అక్కడే నిలబడిపోయాను.

మా ఆయన ఆళ్లగడ్డలో డ్రిల్లు మాస్టారు. నాది నంద్యాల. పెళ్లిచూపులకు వచ్చినరోజు అందరూ నన్ను వంట గురించి అడుగుతుంటే, ఆయన మా తమ్ముణ్ణి పక్కకు పిలిచి "మీ ఊర్లో రింగు పది అడుగులే ఉండాదా, తక్కువుండాదా?" అని అడిగారట. అది బంతి వేసే రింగని అర్థంకాక మావాడు ఉంగరం సంగతి అనుకుని నాయన దగ్గరికి పరుగెత్తాడు. అలాంటి మనిషి. ఆసియా పోటీల చరిత్ర ఆయనకు నోటికొచ్చు. అరవైలో మనీలాలో మొదలయ్యాయనీ, మొదట్లో ఫిలిప్పీన్స్ వాళ్లను ఆపే దిక్కే లేదనీ, తర్వాత జపానువాళ్లూ కొరియావాళ్లూ వంతులేసుకుని లాక్కున్నారనీ, డెబ్బై అయిదులో చైనా దిగాక ఇక ఎవరికీ దక్కనివ్వలేదనీ అన్నం కలుపుకుంటూ చెప్పేవారు. చారు చల్లారిపోయేది, చైనా మాత్రం గెలుస్తూనే ఉండేది. ఆ డెబ్బై అయిదులోనే బ్యాంకాకులో మనవాళ్లు నాలుగో స్థానంలో నిలిచారు. ఆ వార్త వచ్చిన ఇంగ్లీషు పేపరు ముక్కను ట్రంకుపెట్టెలో నా పెళ్లిచీర మడతల్లో దాచారు. చీర తీసిన ప్రతిసారీ ముందు ఆ ముక్కను భద్రంగా పక్కన పెట్టాలి. పెట్టకపోతే, చీర చిరిగినా అంత బాధపడని మనిషి రెండు రోజులు మాట్లాడేవారు కాదు.

ఆయన ఆట జిల్లా దాటలేదు. మోకాలు దెబ్బతిన్నాక, పరీక్షలు రాసి బల్ల దగ్గర కూర్చునే అధికారి అయ్యారు. గడియారం చూసి ఆట ముగిసిందని చెప్పడం ఆయన పని. ఎనభై ఒకటిలో ఆ ఆసియా పోటీలు మన దేశంలోనే, కలకత్తాలో పెట్టారు. వానలు వెనకపట్టిన రోజుల్లో ఒక మధ్యాహ్నం ఉత్తరం వచ్చింది. టైము చూసేవాళ్లలో ఒకరుగా రమ్మని. సైకిలు స్టాండు వేయడం మరిచి, దాన్ని నడుముకు ఆనించుకునే మూడుసార్లు చదివారు. తర్వాత నాకు చదివి వినిపించారు. ఇక ఆయన్ను బడి నుంచి పంపుతున్నట్టు హెడ్మాస్టరు విడుదల కాగితం మీద సంతకం పెట్టడమే మిగిలింది.

సరిగ్గా ఆ వారమే నంద్యాలలో తాలూకాల ఫైనల్ పడింది. నంద్యాలకూ ఆళ్లగడ్డకూ మధ్య. పుట్టింటి వంక పెట్టుకుని నేనూ వెళ్లాను. ఆళ్లగడ్డ నుంచి రెండు లారీల జనం దిగారు. బల్ల దగ్గర మా ఆయన. ఎడమచేతిలో స్టాప్‌వాచీ, కుడిచేతిలో సుత్తి, ఎదురుగా కొయ్యకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క. అదే గంట. ఆట చివరికొచ్చేసరికి మా ఆళ్లగడ్డవాళ్లు ఒక్క పాయింటు వెనకబడి ఉన్నారు. నేను పుట్టింది ఒక ఊరు, మెట్టింది ఒక ఊరు, కాబట్టి ఎవరు గెలిచినా నాకు మేలే అనుకుంటూ వచ్చాను గానీ, ఆ క్షణాన మునివేళ్ల మీద లేచాను. బంతి మావాళ్ల అబ్బాయి చేతికి వచ్చింది. మా ఆయన దగ్గరే ఆట నేర్చుకున్నవాడు. ఆళ్లగడ్డలో ఏ పని కావాలన్నా ఆయన గడప తొక్కాల్సిన పెద్దాయన కొడుకు. ఎగిరాడు. ఠంగుమంది. బంతి రింగులో పడింది.

లారీల జనం కోర్టులోకి దూకారు. రిఫరీ వాళ్లను తోసుకుంటూ బల్ల దగ్గరికి వచ్చి "మాస్టారూ, ఏమంటారు?" అన్నాడు. మా ఆయన లేచి నిలబడ్డారు. "గంట కొట్టినప్పుడు బంతి చేతిలో ఉండాది. చెల్లదు" అన్నారు. గొంతు పెంచలేదు, కానీ అందరికీ వినిపించింది. తర్వాత ఒక చెప్పు వచ్చి బల్ల మీద పడింది. "మన ఊర్లో ఉంటా మనకే అడ్డమొస్తాండావా!" అని ఎవరో అరిచారు. కానిస్టేబుళ్లు ఇద్దరు మమ్మల్ని మధ్యలో పెట్టుకుని మా పుట్టింటిదాకా దిగబెట్టారు. దారంతా ఆయన పిడికిలి విప్పలేదు. ఇంటికొచ్చాక నేనే వేళ్లు ఒక్కొక్కటీ విప్పి స్టాప్‌వాచీ తీశాను. అరచేతిలో దాని అంచు గుండ్రంగా దిగబడి ఉంది.

ఆళ్లగడ్డ తిరిగొచ్చాక ఎవరూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అదే భయంగా ఉండేది. పాలామె చెంబులో పోసి తలెత్తకుండా వెళ్లిపోయేది. కొట్టువాడు అడిగినవన్నీ ఇచ్చి, అడిగినదానికి మాత్రం జవాబిచ్చేవాడు కాదు. వీధిలో జీపు ఆగితే చేతిలో పని ఆగిపోయేది. హెడ్మాస్టరు దగ్గర కాగితం కదలలేదు. ఆయన చెడ్డవాడు కాదు, భయస్తుడు. మా ఆయనను ఇంటికి పిలిచి "ఒక్క మాట రాసియ్యప్పా. గడియారంలో పొరపాటు ఉండచ్చని. ఆట మళ్ల ఆడిస్తారు, పెద్దాయన చల్లబడ్తాడు, నేను సంతకం పెడ్తా" అన్నాడట. "గడియారం బాగనే ఉండాది సార్" అని చెప్పి వచ్చేశారు.

ఆ సాయంత్రం నేను గొడవ పడ్డాను. "రాసిస్తే ఏం పోతాది? ఒక్క సెకను! దాని కోసం కలకత్తా పోగొట్టుకుంటావా?" అన్నాను. ఆయన బూటు లేసులు విప్పుకుంటూ, "ఒక్క సెకను చూసేదానికే గదమ్మే నన్ను పిలిచింది" అన్నారు. అంతే. భోజనానికి కూర్చున్నారు గానీ ఆరోజు చైనా గురించి చెప్పలేదు. ఇన్నేళ్ల కాపురంలో ఆ కబుర్లు ఎప్పుడు ఆపుతారా అని ఎదురుచూసినదాన్ని, ఆ మౌనం భరించలేకపోయాను.

బయలుదేరాల్సిన రోజు మూడు రోజుల్లోకి వచ్చింది. ఆయన మార్కుల రిజిస్టర్లు సగం నేనే నింపేదాన్ని, ఆయన రాత నా చేతికి అలవాటే. మర్నాడు ఆయన బడికి వెళ్లగానే తెల్లకాగితం తీసి, గడియారంలో పొరపాటు జరిగి ఉండవచ్చునని నాలుగు వరుసలు రాసి కింద ఆయన సంతకం పెట్టాను. చివర ఆయన గీసే గీతతో సహా అచ్చు దిగింది. అదే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. కాగితం మడిచి బొడ్లో దోపుకుని మిట్టమధ్యాహ్నం పెద్దాయన ఇంటికి నడిచాను.

వసారాలో పడక్కుర్చీలో ఉన్నాడాయన. ఆయన భార్య "రామ్మా, కూసో" అని మజ్జిగ తెచ్చి ఇచ్చింది. నేను కొంగు కప్పుకుని స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను. "ఏందమ్మా, ఇంత ఎండలో? సార్ పంపించినాడా?" అన్నాడు పెద్దాయన. నా చెయ్యి బొడ్డు దగ్గరికి వెళ్లింది. సరిగ్గా అప్పుడు లోపలి గదిలోంచి కొడుకు వచ్చాడు. నన్ను చూసి ఆగాడు. తర్వాత తండ్రి వైపు తిరిగాడు.

"నాయనా, సార్‌ది తప్పు లేదు."

"నువ్వు గమ్మునుండు."

"వారం నుంచి గమ్మునే ఉండా. గంట ఇన్నా, ఇన్నాకే ఏసినా. బంతి నా చేతిలోనే ఉన్నింది. ఆ సార్ కండ్లల్లోకి చూడలేక నేను గ్రౌండుకే పోకుండా ఉండా."

పెద్దాయన కుర్చీ చేతుల మీద వేళ్లు బిగుసుకున్నాయి. కొడతాడేమోనని తల్లి తలుపు దగ్గర నుంచి ఒక అడుగు ముందుకు వేసింది. ఎంతసేపు గడిచిందో నేను చెప్పలేను, అది కొలిచే మనిషి అక్కడ లేడు. చివరికి పెద్దాయన కొడుకును చూడకుండా నన్ను చూశాడు. "నువ్వొచ్చిన పనేందమ్మా?" అన్నాడు.

నా వేళ్లకు కాగితం తగులుతోంది. "తోడు కోసం వచ్చినాను. మా పెరుగు పులిసిపోయింది" అన్నాను. ఊరి ఆ చివర నుంచి ఈ చివరకు, పది ఇళ్ల పెరుగు దాటుకుని, మండుటెండలో తోడు కోసం! ఆయన నమ్మలేదని ఆయన కళ్లే చెప్పాయి. అయినా "ఇయ్యవే" అన్నాడు భార్యతో. ఆమె గ్లాసు నిండా గడ్డపెరుగు ఇచ్చింది. అది పట్టుకుని ఇంటికొచ్చి ముందు కాగితం పొయ్యిలో వేశాను. తర్వాత పాలు తోడుపెట్టాను.

ఎవరూ క్షమాపణలు చెప్పలేదు. నాలుగు రోజుల తర్వాత హెడ్మాస్టరు సంతకం పెట్టిన కాగితం మాత్రం వచ్చింది. నంద్యాల స్టేషన్లో ఆయనను మీటర్‌గేజి బండి ఎక్కించి వచ్చాను. కలకత్తా చేరేసరికి ఆలస్యమైంది, గడియారం అప్పటికే వేరేవాళ్లకు అప్పజెప్పారు. ఆటగాళ్ల తప్పులు లెక్క చూపే అంకెల పలకలు ఎత్తే పని ఇచ్చారు. అదే అదృష్టమనుకుని ఎత్తారు. చైనా మళ్లీ గెలిచింది. మనవాళ్లు పతకం దాకా వెళ్లలేదు. తిరిగొచ్చాక నెల రోజులు మా ఇంట్లో చారు వేడిగా తాగినవాళ్లు లేరు.

"చూసినావా మే, నిజం తనంతట తనే బయటికొచ్చింది" అని ఆయన ఎంతమందితో చెప్పారో. పక్కన కూర్చుని తల ఊపేదాన్ని. నా చేతిరాత సంగతి ఒకరోజు నవ్వుతూ చెప్పాలనుకున్నాను. ఆయన రిటైరయ్యాక చెబుదామనుకున్నాను, మనవరాలు పుట్టాక చెబుదామనుకున్నాను. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. రేపు కూడా ఇవాళలాగే వస్తుందని మనం నమ్ముతాం. చాలాసార్లు వస్తుంది కూడా, మనల్ని నమ్మించడానికే.