బంగారరాజు గారి కాళ్లందని బండి

మా బంగారరాజు గారు తన కొలతకు సరిపోయే వస్తువు ఇంతవరకు ఒక్కటీ కొనలేదు. మనిషి నా భుజం దాకా వస్తారు, అదీ జుట్టు నిక్కబొడుచుకుంటే. ఆయన కొనే చొక్కా మాత్రం ఆయన మోకాళ్లు దాటిపోతుంది. కొట్టువాడు టేపు తీస్తే కోపం. "కళ్లున్నాయి కదండీ, కొలతలెందుకండీ?" అంటారు. నాలుగు రోజులు అవస్థపడి ఆ సరుకును ఊళ్లో ఎవరికో అంటగట్టేస్తారు.

పోయిన వానాకాలం ఒక రెయిన్‌కోటు కొన్నారు. అది తొడుక్కుని బయటికొస్తే కోటొక్కటే నడిచి వస్తోందని వీధి కుక్కలు బెదిరిపోయాయి. చివరికి రాజుగారే వెళ్లి, కొబ్బరి దింపు తీసే ముత్యాలుని కాళ్లావేళ్లా పడి బతిమాలారు. "నాకు పట్టలేదయ్యా. పారేస్తే మా ఆవిడ చంపేస్తాది. నువ్వు తీసుకుని నన్ను ఒడ్డున పడెయ్యి" అంటుంటే పక్కన నిలబడ్డ నాకు సిగ్గేసింది.

అలాంటి మనిషి క్రూయిజర్ మోటారుసైకిలు కొన్నారని తెలియగానే నా గుండె జారిపోయింది. కొత్తపేటలో ఆయన పక్కిల్లు నాదే. స్కూటరున్నదీ నాకే. బడిపంతుల్ని గనక ఆదివారం సెలవున్నదీ నాకే.

"కాళ్లు నేలకు అందుతున్నాయా రాజుగారూ?" అన్నాను.

"ఆయ్! వేళ్లు అందుతున్నాయండి. మిగతా పాదంతో పనేముందండీ మాస్టారూ?"

కొత్త బండికి అప్పనపల్లి గుడిలో పూజ చేయించందే తిప్పనన్నారు. కొత్త పార్టులన్నీ బిగించందే పూజకు తీసుకెళ్లనన్నారు. "సగం అలంకారంతో స్వామికి చూపిస్తామేంటండీ?" అని నన్నే గదమాయించారు. దాంతో బండి అరుగు పక్కన టార్పాలిన్ కింద ఉండిపోయింది. బండిగలాయన నా స్కూటర్ వెనక సీటెక్కారు. ప్రతి ఆదివారం అమలాపురంలో పార్టుల కొట్టుకు ప్రయాణం. ఓసారి పొడవాటి హ్యాండిల్ భుజాన అడ్డంగా పెట్టుకుని కూర్చున్నారు. ఎదురొచ్చిన ప్రతి ఆటోవాడూ నన్నే తిట్టాడు.

కొట్టు నడిపే ప్రవీణ్ కుమార్ ఓర్పున్నవాడు. మొదట్లో.

"ఫుట్‌రెస్టులు ముందుకు జరపాలండి" అన్నారు రాజుగారు.

"తమరికైతే వెనక్కి జరపాలండి. ముందుకన్నది ఆరడుగుల వాళ్లకండి."

"ముందుకేనండి. గేర్ లివర్ కూడా దాంతోపాటే రావాలండి."

ప్రవీణ్ కుమార్ నా వంక చూశాడు. నేను ఫ్యాను వంక చూశాను.

అతనే ఇంటికొచ్చి బిగించాడు. రాజుగారు ఎక్కి కూర్చుని కాలు చాపారు. జానెడు అందలేదు. ఇంకా చాపారు. మనిషి జారి ట్యాంకు మీద పడుకున్నారు కానీ కాలు మాత్రం అందలేదు. ఆ పడుకున్నవారు పడుకున్నట్టే, "ఇంకొంచెం ముందుకు జరిపితే ఎలాగుంటాదండీ?" అని అడిగారు. ప్రవీణ్ కుమార్ పానా కింద పెట్టేసి మంచినీళ్లు అడిగాడు. నాకైతే ఏడుపొచ్చింది.

ఇదంతా అరుగు మీంచి చూసేవాడు అయ్యప్ప. రాజుగారి భార్య వీరవేణమ్మ గారికి తమ్ముడు. ఆరడుగుల మనిషి. బండెక్కితే కాలవ గట్టు మీద ధూళి రేపుకుంటూ పోయేవాడు. రొయ్యల చెరువు దగ్గర నీళ్లు చిలికే ఏరియేటర్ కాలి మీద పడి ఎడమ మోకాలు వంగకుండా పోయాక అక్క ఇంట్లోనే ఉంటున్నాడు. ఆటో ఎక్కడు. చాపిన కాలు బయటికొస్తుంది, చూసినవాళ్లందరూ ఏమైందని అడుగుతారని. "నా పనైపోయింది మాస్టారూ" అని నవ్వుతూ అనేవాడు. ఆ నవ్వు చూడలేక నేను తల తిప్పుకునేవాణ్ణి.

బండి ఎంతకీ కదలకపోయేసరికి వీరవేణమ్మ గారికి కడుపు మండింది.

"ఈ శనివారం బండి అప్పనపల్లి వెళ్లాలండి. లేదంటే అమ్మేత్తానండి మాస్టారూ. రాజోలు నించి బేరం కూడా వచ్చింది. ఇంట్లో కదలకుండా కూర్చున్నోడు ఒకడున్నాడు, వాణ్ణి చూసి ఏడవలేక చస్తన్నాను. దానికి తోడు ఈ బండొకటి!"

శనివారం రానే వచ్చింది. నేను బడికి సెలవు పెట్టాను. రాజోలాయన పొద్దున్నే దిగాడు. రాజుగారు కొత్త పంచె కట్టి బండెక్కారు. కాలు చాపారు. గాలిలో ఆగిపోయింది. దిగి అరుగు మీద చతికిలపడ్డారు.

"అయిపోయిందండి మాస్టారూ. అమ్మేయడమేనండి. ఒరే అయ్యప్పా, నువ్వోసారెక్కి చూడరా. కాలు ఎవరికైనా అందుతాదో లేదో బేరగాడికి చెప్పాలి కదా."

"నేనెలా ఎక్కుతాను బావా?"

"నడపమన్నానేంట్రా? కూర్చోమన్నాను."

విసుక్కుంటూ లేచాడు. వంగని కాలు నేల మీద ఊని, రెండోది అటు వేసి కూర్చున్నాడు. ఆ ఎడమ కాలు తిన్నగా ముందుకెళ్లి ఫుట్‌రెస్టు మీద ఆగింది. పాదం కదిపాడు. గేరు పడింది. మళ్లీ కదిపాడు. మళ్లీ పడింది.

వీరవేణమ్మ గారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"బావా..." అన్నాడు అయ్యప్ప. "ఇది నాకు సరిపోయిందేంటి?"

"నా ఖర్మరా! అన్నేసి వారాలు తిరిగినా నాకు పట్టలేదు. నువ్వన్నా తిప్పి నన్ను ఒడ్డున పడెయ్యి."

అప్పుడు వెలిగింది నాకు. ఆ వానకోటు ముత్యాలుకి కొలిచి కుట్టినట్టు సరిపోవడం కూడా గుర్తొచ్చింది. మా వైపు ఊరికే ఇస్తే ఎవరూ పుచ్చుకోరు, అభిమానం అడ్డొస్తుంది. నాకు పట్టలేదని బతిమాలితే మాత్రం కాదనలేరు. పుచ్చుకున్నవాడే ఉపకారం చేసినట్టవుతుంది. ఈయన కొలత తప్పిందెప్పుడూ లేదు, ఆ కొలత ఎవరిదన్నదే మాకు తెలియలేదు. ఆ చిన్న మనిషి మీద నాకు పట్టరాని ప్రేమ పుట్టింది. నా ఆదివారాలన్నీ తినేసినందుకు ఒళ్లు మండటం కూడా అలాగే ఉంది.

అయ్యప్ప బండి స్టార్ట్ చేశాడు. రాజుగారు గబుక్కున వెనకెక్కి బావమరిది నడుం పట్టుకున్నారు. బండి వీధి మలుపు తిరిగిపోయింది.

వీరవేణమ్మ గారు కొంగుతో కళ్లు తుడుచుకుని రాజోలాయనతో, "అమ్మటం లేదండి. కాఫీ తాగి వెళ్లండి" అన్నారు. అంతలోనే నెత్తి కొట్టుకున్నారు. "నా తల్లే! కొబ్బరికాయ, నిమ్మకాయలు ఇక్కడే వదిలేసి పోయేరు! మాస్టారండీ, స్కూటర్ తీయండి!"

సంచీతో ఆవిడ వెనకెక్కారు. కాలవ గట్టు మీద దూరంగా బండి కనబడుతూనే ఉంది. నేను హారన్ కొడుతూ, ఆవిడ "ఒరే అయ్యప్పా, ఆగరా!" అని అరుస్తూ అప్పనపల్లి దాకా తరిమాం. అయ్యప్ప ఆగితేనా!