ఒంటి చెప్పు అడుగులు

దాహంతో ఉన్న మనిషి దగ్గర్నుంచి నీళ్ల కుండ తీసేశారు. మా బండల పాలిష్ ఫ్యాక్టరీ వాచ్‌మన్ చాచా మొన్న శనివారం కర్నూలు ఆసుపత్రిలో చనిపోయాడు. దయ్యం పట్టి కాదు. చక్కెర ఎక్కువై.

నాకు పని నేర్పింది ఆయనే. బండను వేలితో కొట్టి, నా చెవి దానికి ఆనించేవాడు. "కంటిని నమ్మాకప్పా, సద్దు ఇను. లోపల పగులుంటే తెలుస్తాది" అనేవాడు.

పోయిన నెల ఒక పొద్దున షెడ్డులో రాతిపొడి మీద అడుగులు కనిపించాయి. చాచా మంచం నుంచి కుండకు, కుండ నుంచి వెనక గోడకు, మళ్లీ మంచానికి. ఒకటి చెప్పు గుర్తు, ఒకటి ఉత్త కాలు. పది పన్నెండు వరసలు. కుండ ఖాళీ. గోడ కింద చీమల బారు.

"చాచా, రాత్రి ఎవురొచ్చినారు?"

"నేను లేసింటా గానీ, రెండు చెప్పులేసుకునే తిరిగినానప్పా. ఇవి నావి కావు. లైటు చుట్టూ పొగ మాదిరి ఉండాది, ఏమీ కనపడల్యా."

రోజూ అవే అడుగులు. రోజూ ఒక చెప్పు కుండ దగ్గర పడి ఉండేది.

"నీ దయ్యానికి ఇంకో చెప్పు కొనీ చాచా!" అని నవ్వాం. ఆయనా నవ్వాడు. నాలుక ఎండి మాట తడబడింది.

మేనేజరు నవ్వలేదు. "నీళ్లుంటేనే వస్తాది అది. కుండ తీసేయండి" అన్నాడు. బయట బోరు రాత్రిళ్లు కట్టేస్తారని ఆయనకు తెలుసు. మాకూ తెలుసు. కుండ మోసింది నేనే.

కుండ తీసిన మూడో పొద్దున చాచా మంచం మీద ఎగశ్వాస తీస్తున్నాడు. నోటి నుంచి మాగిన పండ్ల వాసన. ఆసుపత్రిలో చక్కెర చూసే మీటరు అంకె చూపలేదు, 'హై' అని మాత్రం చూపింది.

"రాత్రిళ్లు శానాసార్లు ఒంటేలికి లేస్తాండెనా? దాహమా? చూపు మసకా?" నర్సమ్మ ఆయన అరికాలు గిల్లింది. కాలు కదల్లేదు. "మొద్దుబారింది. చెప్పు జారినా తెలీదప్పా ఈయనకు."

అడుగులన్నీ ఆయనవే. గోడ కింద చీమలు పట్టింది ఆయన ఒంటేలులోని చక్కెరకే.

ఇది చదివేవాళ్లారా, మీ ఇంట్లో ఎవరైనా ఇట్లా లేస్తుంటే తాయెత్తు కట్టకండి. పొద్దున్నే రక్తపరీక్ష చేయించండి.

సోమవారం కొత్త వాచ్‌మన్ వచ్చాడు. పెద్దాయనే. నిన్న సాయంత్రం నన్ను అడిగాడు: "ఏమప్పా, రాత్రికి తాగను నీళ్లు యాడుండాయి?"

మేనేజరు సారూ, ఆయనకు నేనేం చెప్పాలి? కుండ షెడ్డులోకి రావాలి. మా అందరికీ చక్కెర పరీక్ష ఎప్పుడు చేయిస్తారో మీ చేత్తో రాసి, గేటు మీద ఈ కాగితం పక్కన అంటించండి. శుక్రవారం సాయంత్రం ఆరు వరకు చూస్తాం. శనివారం మిషన్లు నడవవు.